చక్కర్

ఫోనులో బొమ్మ ఆగితే చాలు, గోవర్ధన్ పాలు పోసే చెంబు అక్కడే పెట్టేసి ఇంటికి ఉరికేవాడు. పోయి పెళ్లాన్ని కొట్టి, వచ్చి మళ్లీ పాలు పోసేవాడు. ఉప్పుగూడలో ఆ సందు మొదట్లో అతని పాల దుకాణం, సందు లోపల ఇల్లు. పోయి రావడానికి ఎంతోసేపు పట్టేది కాదు. పాలకు వచ్చినవాళ్లు గిన్నెలు పట్టుకుని నిలబడే ఉండేవాళ్లు. "ఇంట్ల జర పని పడ్డది" అనేవాడు తిరిగొచ్చి, చేతులు కడుక్కుంటూ. చేతులు మాత్రం శుభ్రంగా కడుక్కునేవాడు. పాల వ్యాపారం కదా మరి!

ఈ సంగతులేవీ కృపాకర్‌కు మొదటిరోజు తెలియవు. సంతోష్‌నగర్‌లో ప్రేమ్‌రాజ్ అనే ఆయన నడిపే ఇంటర్నెట్ ఆఫీసులో అతను లైన్‌మన్. "పాల గోవర్ధన్ ఇంట్ల కెమెరా వీడియో ఆగి ఆగి వస్తుందట. పొద్దటిసంది ఫోన్ల తిడుతున్నడు, నా చెవులు పోతున్నయ్. పోయి సూడు" అన్నాడు ప్రేమ్‌రాజ్. కృపాకర్ సంచీ తగిలించుకుని బండి తీశాడు.

గోవర్ధన్ దుకాణం ముందే ఎదురొచ్చాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. పలకరింపు కూడా లేకుండా ఫోను మొహం మీద పెట్టాడు. తెర మీద ఒక వంటిల్లు, గట్టు దగ్గర వంగి ఉన్న ఆడమనిషి. ఆమె చెయ్యి గిన్నె మీదికి పోతూ పోతూ గాలిలో నిలిచిపోయింది. బొమ్మ నడిమధ్య తెల్లటి గుండ్రటి గీత తిరగడం మొదలుపెట్టింది.

"ఇగో, సూడు. చక్కర్. గిది తిరుగుతున్నదంటే ఇంట్ల ఏదో చక్కర్ నడుస్తున్నట్టే" అని గోవర్ధన్ నవ్వాడు.

ఆ నవ్వు కృపాకర్‌కు నచ్చలేదు. తెర మీద తిరిగేదాన్ని పాతబస్తీలో అందరూ చక్కరే అంటారు, తనూ అంటాడు. ఆడామగా మధ్య గుట్టుగా నడిచేదాన్నీ చక్కరే అంటారు. రెండూ ఒకటేనని నమ్మిన మనిషిని మాత్రం అతను అదే మొదలు చూడటం.

ఇంటికి పోయారు. ఎవరైనా దొంగల భయానికి కెమెరాను వీధివైపు పెట్టుకుంటారు. ఈ మహానుభావుడు వంటింట్లో పెట్టాడు, సరిగ్గా పొయ్యికి ఎదురుగా. దాని కింద కూర్చుని అమల బియ్యం ఏరుతోంది. గోవర్ధన్ పెళ్లాం. మనిషి వచ్చిన చప్పుడైనా తలెత్తలేదు. కింది పెదవి వాచి ఉంది. కృపాకర్ చూశాడు, చూసి ఎక్కడో పడి ఉంటుందిలే అనుకున్నాడు. అలా అనుకోవడం సులువు.

కెమెరా కింద తన ఫోను పట్టుకుని సిగ్నల్ చూశాడు. ప్రాణం పోతున్నట్టు ఒక్క గీత వస్తోంది, పోతోంది. ఇంత చిన్న ఇంట్లో ఇంత నీరసంగా ఉండటానికి కారణమే లేదు.

"డబ్బా ఏడుంది అన్నా?"

గోవర్ధన్ మొలతాడుకున్న తాళాలగుత్తి తీసి పక్క గదిలోకి నడిచాడు. ఇనుప బీరువా తెరిచాడు. మడతపెట్టిన చీరల మధ్య నెట్ డబ్బా ఆకుపచ్చగా మినుకుమంటోంది. వెనక రేకుకు బొక్క పొడిచి వైర్లు లోపలికి తెచ్చుకున్నాడు. కృపాకర్ ఈ పనిలో ఎన్నో ఇళ్లు చూశాడు, ఫ్రిజ్ మీద, దేవుడి పటం వెనక, పిండి డబ్బా పక్కన పెట్టినవాళ్లను చూశాడు. బంగారంలాగా బీరువాలో పెట్టి తాళం వేసినవాణ్ణి చూడలేదు.

"అరే అన్నా, ఇనుప బీరువాల ఏస్తే సిగ్నల్ బయటికెట్లొస్తది? నిన్ను గిండ్ల ఏసి తాళం పెడితే నువ్వు ఒర్లేది వంటింట్లకు ఇనవడ్తదా? బయట పెట్టు, ఆగనే ఆగదు."

"బయట పెడితే ఇది వైరు పీకుతది."

"ఎవలు?"

"ఇంకెవలున్నరు ఇంట్ల?"

కృపాకర్‌కు అప్పటికి అర్థమైంది. మొదట ఎప్పుడో పక్కింటి వైఫైలు అడ్డం పడి బొమ్మ కాస్త ఆగి ఉంటుంది. పెళ్లాం తీగె పీకిందని వీడు డబ్బాను బీరువాలో పెట్టాడు. బీరువాలో పెట్టాక మరింత ఆగింది. మరింత ఆగేసరికి మరింత అనుమానం. తప్పు చేసింది వీడి బీరువా, తన్నులు ఆమెకు.

"నేనెన్నడు పీకలే" అంది అమల, వంటింట్లోంచే, బియ్యంలోకి చూస్తూ.

గోవర్ధన్ గదిలోంచి వచ్చిన వేగానికి కృపాకర్ తోవలో గోడకు ఒత్తుకున్నాడు. మొదటి దెబ్బకు చాట ఎగిరి బియ్యం పొయ్యి దాకా చిందింది. రెండో దెబ్బ కొట్టిన చేతిలో తాళాలగుత్తి ఇంకా ఉంది. అమల కనుబొమ్మ చీలింది. రక్తం కంట్లోకి దిగుతుంటే ఆమె కొంగు అద్దుకుంది గాని ఏడవలేదు, అరవలేదు. చాట దగ్గరికి లాక్కుంది.

"మగోళ్లు మాట్లాడుతుంటే నడుమ నోరు దెరుస్తవా!"

"అన్నా... అన్నా..." అన్నాడు కృపాకర్. చేతిలో ఫోను సిగ్నల్ చూపిస్తూనే ఉంది. "నేను రేపొస్త" అని సంచీ తీసుకుని బయటపడ్డాడు.

పొద్దుగూకేవేళకు ఇల్లు చేరాడు. వాళ్లదీ ఉప్పుగూడే, రైల్వే స్టేషను అవతల. భార్య రూప ఎల్లిపాయలు ఒలుస్తోంది. చాయ్ చల్లారిపోతున్నా తాగడం లేదేమని అడిగింది. చెప్పాడు. బీరువా సంగతి చెప్పాడు, తాళాలగుత్తి సంగతి చెప్పాడు.

"నువ్వేం జేసినవ్?" అంది రూప.

"నేనా? నేనేం జేస్త? సిగ్నల్ సూసిన."

రూప ఒలిచిన ఎల్లిపాయలు గిన్నెలో వేసింది. "మంచిగుందా సిగ్నల్?" అని, ఎల్లిపాయల తొక్కలు ఎత్తి బయట పారబోయడానికి లేచిపోయింది.

*

"ఆ ఇంటికి ఇంకొకర్ని పంపు అన్నా, నేను పోను" అన్నాడు కృపాకర్ మరునాడు. ప్రేమ్‌రాజ్ ఏందిరా నీ నకరాలు అనేలోపే గోవర్ధన్ ఆఫీసులోకి వచ్చాడు. వచ్చీరాగానే కృపాకర్ కాలరు పట్టి గోడకేసి గుద్దాడు. తల వెనక ఇనుప ర్యాక్ తగిలి కళ్లు బైర్లు కమ్మాయి. పైనున్న పాత డబ్బాలు రెండు భుజం మీద పడ్డాయి.

"బాగు చెయ్యమంటే దాని మొఖం సూస్కుంట నిలబడ్డవ్! ఏంరా, ఏం జెప్పింది నీకు? ఏం జెప్పింది?"

"ఏం జెప్పలే అన్నా, ఒట్టు..."

మోకాలితో కడుపులో ఒకటి ఇచ్చాడు. కృపాకర్ కింద కూర్చుండిపోయాడు. ప్రేమ్‌రాజ్ అడ్డం వచ్చాడు, నిజమే. "అరే భాయ్, భాయ్! మాల్ ఖరాబైతది!" అంటూ కిందపడ్డ డబ్బాలు ఏరుకున్నాడు. తరవాత గోవర్ధన్‌కు కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. కృపాకర్ వైపు తిరిగి, "ఎవల ఇంట్ల లొల్లి వాళ్లది. ఆయన చెప్పినట్టు చేసి రా. డబ్బా బయటికి తియ్యడట. ఇంకేమన్న ఉపాయముందా?" అన్నాడు.

ఉపాయం ఉంది. రాత్రంతా అదే ఆలోచించాడు కృపాకర్. "డబ్బా బీరువాల్నే ఉండనీ. అండ్లకెల్లి కెమెరా దాకా వైరు గుంజుత. ఇగ వైఫైతోటి పనే లేదు. బొమ్మ ఎన్నడు ఆగదు."

బొమ్మ ఆగకపోతే వాడు కొట్టడు. కృపాకర్ బుర్రకు అంతవరకే అందింది. కడుపు పట్టుకుని లేస్తూ తను ఆమెకు మేలే చేస్తున్నానని కూడా అనుకున్నాడు.

*

మరునాడు పోయేసరికి గోవర్ధన్ దుకాణంలో ఉన్నాడు. బీరువా తాళం తీసి ఉంచాడు, వంటింట్లో అమల ఉంది. కృపాకర్ డ్రిల్లుతో గోడకు బెజ్జం వేశాడు. పాత సున్నం గోడ, పెచ్చులు పెచ్చులుగా ఊడి నెత్తిన పడింది. వైరు లాగి గోడ పైఅంచు వెంబడి క్లిప్పులు కొట్టుకుంటూ వచ్చాడు. అమల కెమెరాకు వీపు పెట్టి గిన్నెలు తోముతోంది. కనుబొమ్మ మీద నల్లటి కుట్లు.

"అన్నా, ఇటు సూడకు. గోడ దిక్కే సూస్కుంట ఇను" అంది, తల తిప్పకుండా. గిన్నె తోమే చెయ్యి ఆపలేదు. "ఇది మంచిగైతదా?"

"అయితది చెల్లె. ఇగ ఆగదు. నిన్ను కొట్టడు."

అమల భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాడు, కాదు, నవ్వుతోంది.

"ఆగితే కొడ్తడు. ఆగకపోతే సూస్తడు. ఎన్నిసార్లు కిటికి కాడికి పోయిన, ఎవలతోటి మాట్లాడిన, ఎందుకు నవ్విన... ఇంటికొచ్చి ఒక్కొక్కటి అడుక్కుంట కొడ్తడు. గీ చక్కర్ తిరిగినప్పుడే ఇన్నిరోజులు జర ఊపిరి పీల్చిన. ఖరాబ్ చేసి పో అన్నా. నీకు దండం పెడ్త."

నిచ్చెన మీద కృపాకర్ కొట్టబోతున్న క్లిప్పును జేబులో వేసుకున్నాడు. "ఖరాబైతే గూడ నిన్నే కొడ్తడు గద?"

"కొడ్తడు. అది నాకు ఎర్కున్న దెబ్బ."

"గల్లీల ఎవలకన్న చెప్పకపోయినవా?"

"చెప్పిన. మా అత్తకు చెప్పిన, నీలమ్మక్కకు చెప్పిన. ఎవ్వలు నమ్మరు. పాలల్ల నీళ్లు కలపడు గద, గందుకే మంచోడు."

కృపాకర్ వైరు కొస ఒలిచాడు. లోపల ఎనిమిది రంగుల తీగెలు. నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం... అన్నీ వరసగా సర్ది జాక్‌లోకి తోయాలి. రెండు రంగులు అటూ ఇటూ మారిస్తే చాలు, లైన్ పనిచేయదు. ఎవడొచ్చినా కనిపెట్టడానికి పూట పడుతుంది. మారుద్దామా అనుకున్నాడు. నిన్న తిన్న మోకాలిపోటు కడుపులో ఇంకా సలుపుతూనే ఉంది. మారిస్తే ఈసారి ఎముకలు విరుగుతాయి. థూ, ఏం బతుకు! అనుకుంటూ ఉండగానే వేళ్లు తమ పని తాము చేసుకుపోయాయి. జాక్‌ను నొక్కి బిగించే క్రింపర్ టక్కుమంది. కెమెరాకు తగిలించాడు.

బొమ్మ వచ్చింది. ఎంత సాఫ్‌గా వచ్చిందంటే గిన్నెకున్న సొట్టలు కనిపిస్తున్నాయి, అమల కనుబొమ్మ మీది కుట్లు కనిపిస్తున్నాయి. అమల గిన్నెలు తోమడం ఆపి కాసేపు ఊరికే కూర్చుంది. తరవాత ఏం గుర్తొచ్చిందో, గబుక్కున మళ్లీ తోమడం మొదలుపెట్టింది.

గోవర్ధన్‌కు పట్టరాని సంతోషం. ఫోను అందరికీ చూపించాడు. "చిన్నగ కనవడ్తుంది భాయ్. దుకాణంల టీవీ ఉంది గద, అండ్ల పెట్టు. నేను బర్రెల కాడికి పోయినప్పుడు మా అమ్మ సూస్తది" అన్నాడు. నిన్న డబ్బాలు పడ్డ భుజం మీదే చెయ్యి వేసి చెప్పాడు.

*

సాయంత్రం పాలవేళకు కృపాకర్ దుకాణంలో టీవీ కింద స్టూలు వేసుకుని రిమోట్ నొక్కుతున్నాడు. గల్లాపెట్టె దగ్గర గోవర్ధన్ తల్లి బుచ్చమ్మ కూర్చుంది. ఆమె వెనక గోడకు దండ వేసిన మొగుడి ఫొటో, బీరయ్యది. బయట ఆడవాళ్లు గిన్నెలతో వరసలో ఉన్నారు. అందరికంటే ముందు నీలమ్మ, చేతిలో పాలక్యాను.

తెర వెలిగింది. గోడంత వంటిల్లు, అందులో మనిషంత అమల కూరగాయలు కోస్తోంది.

"అబ్బ, ఎదురుంగ కూసున్నట్టే ఉంది" అంది వరసలో ఎవరో. గోవర్ధన్ మీసం దువ్వుకున్నాడు.

నీలమ్మ కళ్లు చికిలించింది. "ఏమే బుచ్చమ్మా, కోడలికి కనుబొమ్మ కాడ ఏమైంది?"

"బర్రె కొమ్ము తాకింది."

"కొమ్మా?" అని నీలమ్మ మళ్లీ తెర వైపు చూసింది. కృపాకర్‌కు గొంతు దాకా వచ్చింది, కొమ్ము కాదు తాళాలు అని. మింగేశాడు.

తెర మీద అమల కత్తిపీట పక్కకు జరిపి లేచింది. తడిసిన తువ్వాలు పిండింది. స్టూలు జరుపుకుని కెమెరా కిందికి వచ్చింది. మొహం దగ్గరైంది, ఇంకా దగ్గరైంది, చెయ్యి పైకి లేచింది. తెరంతా మబ్బు పట్టినట్టు తెల్లగా అయిపోయింది.

"ఆగిందా?" అన్నాడు గోవర్ధన్. "చక్కర్ గూడ వస్తలేదు. వైరు పోయిందా ఏంది?"

"లేదన్నా, లైన్ మంచిగనే ఉంది."

అనేశాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు. లైన్ పోయిందన్నా, వెనకకెల్లి ప్రాబ్లం ఉంది అంటే సరిపోయేది. రోజూ ఊరందరికీ చెప్పే అబద్ధమే అది. ఆఫీసులో కూర్చుని, చాయ్ తాగుతూ, నిద్రకళ్లతో చెప్పే అబద్ధం. చెప్పాల్సిన ఒక్కరోజు నోరు నిజం చెప్పింది! కృపాకర్‌కు తన నోటిని తనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

గోవర్ధన్ చెంబు కింద పెట్టాడు. "ఇంట్ల జర పని పడ్డది" అని సందులోకి ఉరికాడు.

టీవీ సంగతి అతనికి గుర్తే లేదు. ఇన్నిరోజులూ బొమ్మ ఆగితేనే కదా అతను ఇంటికి పోయింది, ఆగిన బొమ్మలో ఏం జరిగిందో ఎవరికీ కనిపించింది లేదు.

కాసేపు తెల్లగానే ఉంది. తువ్వాలు కదిలింది. ఎవరో లాగేశారు. గోవర్ధన్ మొహం తెరంతా పరుచుకుంది, పళ్లు కొరుకుతోంది. తరవాత పక్కకు తప్పుకుంది, వంటిల్లంతా కనిపించింది.

చప్పుడు లేదు, ఆ కెమెరాలో బొమ్మే గాని మాట రాదు. తడి తువ్వాలును తాడులా పేని మెడ మీద, వీపు మీద కొడుతున్నాడు. అమల గోడ మూలకు ముడుచుకుంది. జుట్టు చేతికి చుట్టుకుని ఈడ్చాడు. ఆమె నుదురు వంటగట్టు అంచుకు తగిలి మనిషి అదిరింది. గట్టు మీది గిన్నెలు దొర్లి పడ్డాయి, ఒక్కటీ మోగలేదు. కిందపడ్డ మనిషిని కాలితో డొక్కలో తన్నాడు. మళ్లీ తన్నాడు. కుట్లు పిగిలి సగం మొహం ఎర్రబడింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తడబడలేదు, వైరు మీద ఎంతో సాఫ్‌గా వస్తోంది.

వరసలో వాళ్ల కళ్లన్నీ తెర మీదే ఉన్నాయి.

"బంద్ చెయ్యి!" బుచ్చమ్మ గల్లాపెట్టె వెనకనుంచి లేచింది. "ఏయ్ నెట్ పిల్లగా, నీకే! బంద్ చెయ్యి!"

రిమోట్ కృపాకర్ చేతిలోనే ఉంది. ఎవరేం చెయ్యమంటే అది చెయ్యడం అతనికి అలవాటు. బొటనవేలు ఎర్ర బటన్ మీదికి దానంతటదే పోయింది.

"చెయ్య" అన్నాడు.

బుచ్చమ్మ మీదపడి గుంజుకోబోయింది. అతను చెయ్యి ఎత్తి పట్టాడు. ఆమె పిడికిళ్లతో రొమ్ము మీద గుద్దింది. "అది మా ఇంటి సంగతిరా! మా ఇంటి సంగతి!"

"మీ ఇంటిదే అమ్మా. సూడు."

"యా అల్లా, మార్ డాల్తా ఇనే ఉసకూ!" దాన్ని చంపేస్తాడంటూ వరసలో బురఖా వేసుకున్న ఆమె గట్టిగా అరిచింది.

ఆ అరుపుకు అందరికీ కాళ్లు వచ్చాయి. నీలమ్మ క్యాను గల్లా మీద పెట్టింది. "కొమ్ము గాదే బుచ్చమ్మా" అంది. అమల వచ్చి చెప్పుకున్నరోజు ఏమని పంపించిందో ఏమో, ఆమె మొహం కందిపోయింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని సందులోకి పరుగెత్తింది. బురఖా ఆమె పరుగెత్తింది. వెనక మిగతావాళ్లు, చేతుల్లో గిన్నెలు అలాగే ఉన్నవాళ్లు.

దుకాణంలో ఇద్దరే మిగిలారు. బుచ్చమ్మ గుద్దడం ఆపి స్టూలు మీద కూలబడింది. తెర వైపు చూసింది, ఈసారి పూర్తిగా. గోవర్ధన్ గోడకున్న చపాతీ కర్ర అందుకుని పైకెత్తుతున్నాడు.

"గిట్లనే లేపుతుండె చెయ్యి" అంది బుచ్చమ్మ. "వీళ్ల బాపు గూడ గిట్లనే లేపుతుండె." ఆమె చెయ్యి తన చెవి మీదికి పోయి అక్కడే ఉండిపోయింది.

కృపాకర్ తెర వైపు తిరిగి ఉలిక్కిపడ్డాడు. కర్ర ఎత్తిన చెయ్యి గాలిలో నిలిచిపోయింది. బొమ్మ కదలడం లేదు. నడిమధ్య తెల్లగా, గుండ్రంగా ఒకటి గిరగిరా తిరుగుతోంది. ఇప్పుడా ఆగడం! టీవీ వెనకున్న దుకాణం నెట్ డబ్బా చూశాడు. లైట్లన్నీ పచ్చగా, వరసగా కొట్టుకుంటున్నాయి. మళ్లీ తెర చూశాడు. తిరుగుతున్నది గిన్నె మూత. నేల మీద అంచు పట్టుకుని తిరిగి తిరిగి, నెమ్మదించి, బోర్లా పడింది.

అప్పుడు కనిపించాయి చేతులు. గోవర్ధన్ మణికట్టు మీద ఒకటి నల్లటి బురఖా చెయ్యి, దాని కింద గాజుల చెయ్యి, మోచేతి దగ్గర ఇంకొకటి. వెనకనుంచి ఇంకా వస్తూనే ఉన్నారు.

"ఏమైంది బిడ్డా?" బుచ్చమ్మ తల ఎత్తకుండా అడిగింది. "ఆగిందా?"

"బొమ్మ ఆగలేదమ్మా" అన్నాడు కృపాకర్. "నీ కొడుకును ఆపిండ్రు."